ఖాళీ గడిలో నా నంబరు

హిందూపురం,
జనవరి 18.

అత్తా,

నీ సంబంధాల యాప్ సిద్ధమైంది. కాలర్ ఉంటే ఎగరేసుకునేదాన్ని, చుడీదారుకు ఆ సౌకర్యం లేదు. ఊళ్లో నాయన నన్ను సాఫ్ట్‌వేర్ ఇంజినీరని చెప్పుకుంటున్నాడు. ఇక్కడ ఆఫీసులో మాత్రం ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నప్పుడే నా పేరు గుర్తొస్తుంది వీళ్లకు. నా చేత్తో మొదటి నుంచి చివరి దాకా రాసిన మొదటి పని ఇదే కాబట్టి కాస్త పొగుడుకోనివ్వు.

ఏం చేశానో చెప్తాను. మునుపు నీ ఆఫీసులో పనిచేసిన అబ్బాయి పెళ్లికూతుళ్ల వివరాలన్నీ ఒక జేసన్ ఫైలులో పెట్టి వెళ్లాడు కదా. జేసన్ అంటే భయపడకు. ప్రతి వివరానికీ ముందు ఒక పేరు, పక్కన ఆ వివరం, అంతే. నేను నా వైపు 'పెళ్లికూతురు' అని ఒక క్లాసు రాశాను. క్లాసంటే గడులు గీసిన ఖాళీ బయోడేటా కాగితం అనుకో. పేరు, ఊరు, చదువు, నక్షత్రం, ఎత్తు, ఫోన్. చిక్కేమిటంటే ఆ అబ్బాయి ఊరికి 'ప్లేస్' అనీ, చదువుకు 'క్వాలి' అనీ తనకు తోచిన పేర్లు పెట్టుకున్నాడు. నా గడుల పేర్లు వేరు. మా నాయనను నువ్వు 'అన్నా' అంటావు, అమ్మ 'ఇదిగో' అంటుంది, నేను 'నాయనా' అంటాను. పలికేది ఒకే మనిషి. ఆ సంగతి మనకు తెలుసుగానీ కంప్యూటరుకు తెలియదు, ముందే రాసి చెప్పాలి. దాన్నే మ్యాపింగ్ అంటారు. అంత చిన్న పనికి ఇంత పెద్ద పేరు ఉండబట్టే మాకు జీతాలిస్తున్నారు.

నువ్వు కోరినట్టే నంబర్లు తెర మీద కనపడవు. అబ్బాయి తరఫువాళ్లు 'కాల్ చేయండి' అన్న బొమ్మ నొక్కితే నేరుగా ఆ అమ్మాయి ఇంట్లోనే ఫోన్ మోగుతుంది. ఇక మధ్యలో నీకు శ్రమ లేదు.

ఒక్క మాట. నా పెళ్లి ఊసు ఎత్తనని పోయిన ఏడు మాట ఇచ్చావు. మరిచిపోకు.

నీ
వసుంధర

*

ధర్మవరం,
ఫిబ్రవరి 9.

చిరంజీవి వసుంధరకు పార్వతమ్మ అత్త దీవెనలు.

ఉత్తరమెందుకు, ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్‌లో నా మాట నచ్చకపోతే 'సిగ్నల్ లేదత్తా' అని కట్ చేస్తావు. ఉత్తరమైతే చివరి దాకా చదవక తప్పదు.

నీ యాప్ వచ్చాక నా ఫోన్ నోరు మూసుకుంది. పట్టుచీరల కొట్టు పైన ఆఫీసు పెట్టుకున్న నాటి నుంచి నాకు ఇంత తీరిక దొరకలేదు. కిందికి చీరలకు వచ్చినవాళ్లు పైకెక్కి సంబంధాలు అడిగేవాళ్లు, పైకి సంబంధాలకు వచ్చినవాళ్లు కిందికి దిగి చీరలు కొనేవాళ్లు. ఇప్పుడు అందరూ మెట్ల మీదే నిలబడి ఫోన్లు నొక్కుకుంటున్నారు. కొట్టు సేటు నన్ను చూసి నవ్వుతున్నాడు.

ఒక శుభవార్త. కనగానపల్లి సంజీవప్ప కూతురు గంగాదేవి నీకు తెలుసు కదా, పొడుగ్గా ఉంటుంది. ఎర్రమంచిలో కార్ల ఫ్యాక్టరీలో పనిచేసే మల్లికార్జున అనే అబ్బాయితో సంబంధం కుదిరేట్టుంది. అబ్బాయి తల్లి అంజినమ్మ తానే వాళ్లింటికి ఫోన్ చేసి చూపులకు రోజు అడుగుతానంది. ఈ సంబంధం కోసం నేను కాళ్లరిగేలా తిరిగాను. సంజీవప్ప నన్ను నమ్మి వేరేవాళ్ల గడప తొక్కలేదు. ఇది నిలబడితే ఆ మండలమంతా నా దగ్గరికే వస్తుంది, చెడితే ఒక్కరూ రారు. నా ఆఫీసుకు మాటే పెట్టుబడి.

నీ పెళ్లి ఊసు ఎత్తడం లేదు. ఊరందరికీ సంబంధాలు చూసే దానికి మేనకోడలి పెళ్లి చేయడం చేతకాలేదని జనం అంటుంటే వింటున్నాను, అంతే.

నీ అత్త
పార్వతమ్మ

*

హిందూపురం,
మార్చి 4.

అత్తా,

ఇంత మోసం చేస్తావనుకోలేదు. పైకి 'ఊసు ఎత్తడం లేదు' అని రాసి, లోపల నా నంబరు జిల్లా అంతా పంచిపెట్టావు.

రోజూ ఫోన్లే. ఆఫీసులో ప్రింటర్ కింద దూరి ఉన్నప్పుడు ఫోన్. బస్సులో నిలబడి ఉన్నప్పుడు ఫోన్. "పాపా, మీ నాయన ఉండాడా? మీ సంబంధం గురించి మాట్లాడాల." మడకశిర నుంచి ఒకాయన "కట్నం దుడ్లు ఎంతిస్తారు" అని మొదలుపెట్టాడు. ఇంకొకావిడ నా నక్షత్రం రోహిణి కదా అంది. నాది మూల అని నీకు తెలుసు, అబద్ధం కూడా సరిగ్గా చెప్పించలేకపోయావు. కొందరు నన్ను ఏదో పేరుతో పిలుస్తారు, వినిపించుకునే ఓపిక ఎవరికుంది?

మొదట మర్యాదగానే చెప్పాను. తరువాత మర్యాద అయిపోయింది. మొన్న ఒకావిడ చూపులకు ఎప్పుడు రమ్మంటారని అడిగితే ఏమన్నానో తెలుసా? "నాకు పెండ్లీ వద్దు, ఏమీ వద్దు. మీ కొడుకుకు అంత అర్జెంటుగా ఉంటే సంతలో నిలబెట్టండి. పళ్లు చూసి ఎవురో ఒకరు తోలకపోతారు." అనేశాక నా తెలివికి నేనే మురిసిపోయాను. పక్క సీటు రేఖకు కూడా చెప్పి ఇద్దరం నవ్వుకున్నాం.

ఇప్పుడు తెలియని నంబర్లు తీయడం మానేశాను. నీ ఫోన్ కూడా తీయను. నా నంబరు వెనక్కి తీసుకునేదాకా ధర్మవరం రాను.

వసుంధర

*

ధర్మవరం,
మార్చి 11.

వసూ,

నీ నంబరు నేను ఎవరికీ ఇవ్వలేదు. నమ్మితే నమ్ము, లేకపోతే లేదు. నాకు నీతో పోట్లాడే ఓపిక లేదు. నా ఆఫీసు మునిగిపోతోంది.

తీరిక దొరికిందని సంబరపడ్డాను చూడు, అది తీరిక కాదట. జనం నా గురించి ఏమంటున్నారో నిన్న తెలిసింది. పార్వతమ్మ దగ్గరున్న ఆడపిల్లలందరూ నోటి దురుసువాళ్లట. ఫోన్ చేసిన పెద్దవాళ్లను తిడతారట. నా దగ్గరున్న పిల్లలు తల్లిదండ్రుల ముందు నోరు విప్పనివాళ్లు, వాళ్లకు ఒక్కసారిగా ఇంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కాలేదు.

అన్నిటికన్నా ఘోరం గంగాదేవిది. అంజినమ్మ చూపుల రోజు అడగడానికి ఫోన్ చేస్తే, ఆ పిల్లే తీసి పెండ్లీ వద్దు ఏమీ వద్దు అందట. నీ కొడుకును సంతలో నిలబెట్టు, పళ్లు చూసి ఎవరో ఒకరు తోలుకుపోతారు అందట. అంజినమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. సంజీవప్ప నా ఆఫీసుకు వచ్చి, కింద చీరలు చూసేవాళ్లందరూ తలలెత్తేలా అరిచాడు. ఇంట్లో గంగాదేవిని ఎవరూ పలకరించడం లేదట. ఆ పిల్ల "నేను అనలేదు" అని ఏడుస్తోంది, ఎవరూ నమ్మడం లేదు. నిజం చెప్పాలంటే నేను కూడా నమ్మలేదు.

పార్వతమ్మ

*

హిందూపురం,
మార్చి 14.

అత్తా,

నీ ఉత్తరంలో సంత దాకా చదివి ఆగిపోయాను. ఆ మాటలు గంగాదేవివి కావు. పళ్లతో సహా నావి.

వెంటనే లాప్‌టాప్ తెరిచి నేను రాసిన క్లాసు చూసుకున్నాను. పేరుకు మ్యాపింగ్ రాశాను. ఊరుకు రాశాను. నక్షత్రానికి రాశాను. ఎత్తుకు కూడా, ఎవరూ అడగని అంగుళాలతో సహా రాశాను. ఫోన్‌కు రాయలేదు. ఆ అబ్బాయి ఫైలులో దాని పేరు 'పిహెచ్'. నా గడి పేరు 'ఫోన్'. రెండూ ఒకటేనని నేను చెప్పలేదు కాబట్టి కంప్యూటరు 'ఫోన్' కోసం వెతికి, దొరకక, గడి ఖాళీ అనుకుంది.

ఖాళీగానైనా వదిలేసి ఉంటే బాగుండేది. బొమ్మ నొక్కితే ఫోన్ మోగుతుందో లేదో చూడాలని, పని మొదలుపెట్టిన రోజే నేనొక తెలివి చూపించాను. నంబరు దొరకకపోతే నాది వాడుకోమని రాసి పెట్టాను. దాన్ని డిఫాల్ట్ అంటారు. నొక్కాను, నా ఫోన్ మోగింది, చప్పట్లు కొట్టుకున్నాను, తీసేయడం మరిచిపోయాను. నీ దగ్గరున్న పెళ్లికూతుళ్లందరి గడిలో నా నంబరే కూర్చుంది. ఎవరిని నొక్కినా నేనే పలికాను, పలికి తిట్టాను. కంప్యూటరు ఒక్క హెచ్చరిక కూడా చేయలేదు. అది చెప్పిన పని చెప్పినట్టు చేసింది.

అందరూ నా కోసమే ఫోన్ చేస్తున్నారని ఎంత ధీమాగా నమ్మానో తలుచుకుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. జిల్లాలో ఇంతమంది అత్తలు నా మీద మనసు పడ్డారనుకున్నాను.

మ్యాపింగ్ సరిచేశాను. నా నంబరు తీసేశాను. ఇప్పుడు ఎవరి ఫోన్ వాళ్లింట్లోనే మోగుతుంది. కానీ గంగాదేవికి జరిగింది కోడ్‌లో సరిచేసేది కాదు. నేనేం చేయాలో చెప్పు. నిన్ను అనుమానించినందుకు కూడా సిగ్గుగా ఉంది.

వసుంధర

*

ధర్మవరం,
మార్చి 18.

వసూ,

నీ ఉత్తరం చదివి మొదట నవ్వాను. తరువాత కోపం వచ్చింది. మళ్లీ నవ్వు వచ్చింది. చివరికి కోపమే నిలిచింది.

సంజీవప్పకు చెప్పాను, నమ్మలేదు. అంజినమ్మకు చెప్పాను, కట్టుకథ అంది. తాంబూలం తీసుకుని నువ్వే ఎర్రమంచికి పో. నోరు పారేసుకున్నది నువ్వు కాబట్టి ఏరుకోవాల్సింది కూడా నువ్వే.

పార్వతమ్మ

*

పెనుకొండ,
మార్చి 23.

అత్తా,

బస్టాండులో కూర్చుని రాస్తున్నాను. హిందూపురం బస్సుకు ఇంకా టైముంది. నా గొంతు పోయింది. ఎందుకు పోయిందో చెప్తాను.

అంజినమ్మ ఇంటికి వెళ్లి తాంబూలం చేతిలో పట్టుకునే జరిగిందంతా చెప్పాను. ఆమె వాకిట్లో చేటలో వేరుశెనక్కాయలు చెరుగుతూ విన్నది. చివరికి కొడుకు వైపు తిరిగింది.

"ఏం మల్లీ, మీ ఫ్యాక్టరీలో అన్ని కంప్యూటర్లు ఉండాయి గదా. ఒగటన్నా ఎవుర్నన్నా తిట్టిందా?"

"తిట్టింది కంప్యూటరు కాదక్కా, నేను," అన్నాను.

"నువ్వేనని ఎట్ల నమ్మేది? ఆ పిల్ల ఇంటోళ్లే నిన్ను పంపించింటారు. యాదీ, ఆ మాటలు మళ్లా అను, సూద్దాం."

"ఈడనా?"

"ఈడనే. ఆ పొద్దు ఎట్లంటివో అట్లనే అనల్ల."

అత్తా, చేతిలో ఆకులూ వక్కలూ టెంకాయా పట్టుకుని ఎవరినైనా తిట్టడం ఎంత కష్టమో నీకు తెలియదు. మెల్లగా అన్నాను. "ఇది కాదు. ఆ గొంతు గట్టిది," అంది. ఇంకాస్త పెంచాను. "ఆ పిల్లకు కోపముండె, నీకు యాడుండాది?" అంది. దాంతో నాకు నిజంగానే కోపం వచ్చింది. పెండ్లీ వద్దు దగ్గర మొదలుపెట్టి తోలకపోతారు దాకా ఒక్క ఊపులో అరిచాను. పక్కిళ్ల ఆడవాళ్లు బయటికి వచ్చారు. షిఫ్టు బస్సు దిగి వస్తున్న మగవాళ్లు నిలబడిపోయారు. నా ఎదురుగా ఉన్న మల్లికార్జున పళ్ల మాట వచ్చేసరికి గబుక్కున నోరు మూసుకున్నాడు.

అంజినమ్మ చేట కింద పెట్టి చప్పట్లు కొట్టింది. "ఈ గొంతే! ఈ గొంతే మల్లీ!" అని అందరికీ చూపించింది. ఇక ఆమె నవ్వు ఆగలేదు. నాకు ఉగ్గాని, బజ్జీ పెట్టింది. తింటుంటే, "ఇంత గొంతు పెట్టుకోని నీకెందుకు ఇంగా పెండ్లి కాలా? మీ యత్తకు సంబంధాల ఆఫీసు ఉండాది గదా," అని అడిగింది. నోట్లో మిరపకాయ బజ్జీ ఉంది కాబట్టి బతికిపోయాను.

సంజీవప్పకు ఆమే నా ముందు ఫోన్ చేసింది. చూపులకు వస్తామని చెప్పింది. సంబంధం నిలబడింది అత్తా. పరువు పోతే పోయింది, పని జరిగింది.

వసుంధర

*

ధర్మవరం,
మార్చి 29.

బంగారు తల్లీ,

సంజీవప్ప నవ్వుతూ వచ్చి ఒక మూట వేరుశెనక్కాయలు ఇచ్చిపోయాడు. కింద కొట్టులో గంగాదేవికి చిలకపచ్చ చీర పక్కన పెట్టించాను. నువ్వు ఎర్రమంచిలో అరిచిన సంగతి అప్పుడే ఇక్కడి దాకా వచ్చింది. నా మేనకోడలని గర్వంగా చెప్పుకుంటున్నాను. ఆఫీసు మెట్ల మీద మళ్లీ జనం. ఇంతకన్నా రాయడానికి తీరిక లేదు.

నీ అత్త
పార్వతమ్మ

*

హిందూపురం,
ఏప్రిల్ 3.

అత్తా,

ఈ ఉత్తరం చదివాక నన్ను బంగారు తల్లీ అనవు.

నిన్న గంగాదేవి ఫోన్ చేసింది. నా నంబరు ఇప్పుడు అందరి దగ్గరా ఉంది కదా. థాంక్స్ చెప్పడానికి అనుకుని, "అయ్యో, పర్వాలేదు" అని ముందే అనేశాను. చూడు నా వాలకం.

"అక్కా, నేను తిట్టేకి చేయలేదు. ఒక మాట చెప్పల్లనిపించింది," అంది. "ఆ పొద్దు మా నాయన వచ్చి అరిసినాడు. నేను అనలేదంటే ఎవురూ నమ్మల్యా. ఏడిస్తి. ఏడ్చినాంక కడుపులో సల్లగా అనిపించింది. నేను అనల్లనుకున్న మాట ఎవురో అనేసినారు. తిట్లు పడితే పడనీలే, సంబంధం పోయింది గదా అనుకుంటి. మళ్లా నువ్వు పోయి కుదిర్చి వచ్చినావు."

ఆ అబ్బాయి నచ్చలేదా అని అడిగాను. "ఆ యప్ప మంచోడే అంట. నాకు ఇప్పుడు పెండ్లి వద్దు," అంది. ఎందుకని అడిగాను. "వద్దనేకి కూడా ఒక కారణం యాడన్నా వెతుక్కోవల్లా అక్కా?" అంది. మరి ముందే ఎందుకు చెప్పలేదంటే ఒకటే మాట. "అడిగితే గదా చెప్పేది. మీ యత్త నా ఎత్తు అడిగింది, నక్షత్రం అడిగింది, టెన్తులో మార్కులడిగింది."

నువ్వు అడగలేదని నిన్ను అనే హక్కు నాకు లేదు. నేను ఆ పిల్ల కోసం ఎర్రమంచి దాకా వెళ్లాను, వీధి మధ్యలో నిలబడి అరిచాను, ఉగ్గాని తిన్నాను, త్యాగం చేశానని బస్సులో మురిసిపోయాను. కనగానపల్లికి ఒక్క ఫోన్ చేసి నీకు ఇష్టమేనా అని అడగాలని తోచలేదు. ఆమె గడిలో పొరపాటున నా నంబరు పెట్టాను, దిద్దడానికి పోయి నా ఇష్టం పెట్టాను. నాకు చాలా బాధగా ఉంది అత్తా. చూపులు ఈ ఆదివారమే. సంబంధం నిలబెడితే ఆ పిల్ల మునుగుతుంది, చెడగొడితే నీ ఆఫీసు మునుగుతుంది. ఏం చేయాలో నాకు తెలియడం లేదు.

వసుంధర

*

ధర్మవరం,
ఏప్రిల్ 8.

వసూ,

నీ ఉత్తరం చింపేద్దామనుకున్నాను. నీ నంబరుకు ఫోన్ చేసినందుకు గంగాదేవిని కూడా తిట్టుకున్నాను. కుదిరిన సంబంధాన్ని చేజేతులా చెడగొట్టుకునే పిచ్చిది ఈ వృత్తిలో ఉంటుందా? రెండు పూటలు అన్నం సయించలేదు. తరువాత ఆటో పిలిపించుకుని కనగానపల్లికి పోయాను.

సంజీవప్ప, చూపులకు ఏర్పాట్లు చూడటానికి వచ్చాననుకుని ఎదురొచ్చాడు. "గంగాదేవిని ఒక మాట అడగల్ల," అన్నాను.

"ఆడపిల్లను అడిగేదేంది పార్వతమ్మా? నన్నడుగు, చెప్తా."

"నువ్వు కాదు గదప్పా కాపురం చేసేది," అన్నాను. ఈ మాట నా నోటి నుంచి వచ్చిందంటే నాకే ఆశ్చర్యం. ఇన్నేళ్లుగా నేను తండ్రులతోనే మాట్లాడాను.

ఆ పిల్ల వచ్చి తండ్రిని చూసింది, నన్ను చూసింది. "ఇప్పుడొద్దు నాయనా," అంది. సంజీవప్ప లేచి తోట వైపు పోయాడు. నా ముందు కాఫీ గ్లాసు ఉంది, తాగమని ఎవరూ అనలేదు. నేనే తాగేసి వచ్చాను.

అక్కడి నుంచి ఎర్రమంచి. అంజినమ్మ ఈసారి నవ్వలేదు. ఒకే సంబంధానికి వద్దని, కాదు కావాలని, మళ్లీ వద్దని చెప్పిన ఆఫీసు ఈ జిల్లాలో నాదొక్కటే. ఆమె ఆ మాటే అంది. కాసేపటికి మాత్రం, "నా కొడుకును నేనన్నా అడిగినానా," అని తనలో తను అనుకుంది.

కనగానపల్లి వైపు నుంచి ఇక ఎవరూ రారు. చిలకపచ్చ చీర సేటుకు తిరిగి ఇచ్చేశాను. బాధ లేదని అబద్ధం రాయను, చాలా ఉంది. ఆ పిల్ల ముఖం చూశాక మాత్రం చేసింది తప్పనిపించలేదు.

నీ క్లాసులో ఇంకొక గడి గీయి. పిల్ల ఇష్టం. నేను వెళ్లి అడిగి ఏం చెప్తే అది రాస్తాను. ఆ గడి ఖాళీగా ఉన్నా, వద్దని ఉన్నా ఆ పిల్ల ఎవరికీ కనపడకూడదు. ఖాళీ ఉంది కదా అని అందులో నీ మాట పెట్టకు. నా మాటా పెట్టకు.

పార్వతమ్మ

*

హిందూపురం,
ఏప్రిల్ 15.

అత్తా,

గడి గీశాను. ఫైలులో దాని పేరూ నా క్లాసులో దాని పేరూ 'ఇష్టం' అనే పెట్టాను, ఈసారి మ్యాపింగ్ మరిచిపోవడానికి కూడా వీలు లేదు. డిఫాల్ట్ పెట్టలేదు. నువ్వు పంపిన జవాబు కూడా ఎక్కించాను.

తరువాత యాప్ తెరిచాను. ఒక్క సంబంధం కూడా రాలేదు. తెల్లటి తెర. నా అలవాటు ప్రకారం ఏదో చెడగొట్టానని వణికిపోయి గడి గడీ వెతికాను. పేర్లు సరిగ్గా ఉన్నాయి. ఊళ్లు సరిగ్గా ఉన్నాయి. నక్షత్రాలు, ఎత్తులు, అంగుళాలు అన్నీ సరిగ్గా ఉన్నాయి. రేఖను పిలిచి చూపిస్తే ఆమె కూడా తప్పు పట్టలేకపోయింది.

తప్పు కోడ్‌లో లేదు అత్తా. అది సరిగ్గానే పనిచేస్తోంది. కొన్నాళ్లు నీ మెట్ల మీద జనం గొణుగుతారు, సేటు మళ్లీ నవ్వుతాడు. ఆదివారాలు నేనూ రైలెక్కి వస్తాను, ఇద్దరం కలిసి ఊళ్లు తిరుగుదాం. అడగడం నాకు రాదు, నీకూ రాదు, నేర్చుకుందాం.

ఇన్ని వందల మంది ఆడపిల్లల్లో ఆ గడి నిండింది ఒక్క గంగాదేవికే. అందులో 'ఇప్పుడొద్దు' అని ఉంది.

నీ
వసుంధర